ఒకే కార్డు, ఒకే గ్రేడు, మూడు ధరలు: ఒక జోర్డాన్ రూకీ కార్డు కేస్ స్టడీ

ముందు లెక్క చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఫ్లీర్ కంపెనీ 1986 సెట్‌లో 57వ నంబరు, బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ రూకీ కార్డు, అంటే ఎక్కువమంది అతని తొలి కార్డుగా లెక్కవేసేది. అవి మూడు. మూడూ పీఎస్ఏ అనే గ్రేడింగ్ సంస్థ ఇచ్చిన 8 గ్రేడువే, మూడూ ఒకే మనిషివి, మూడూ ఈబేలో నా అకౌంట్ నుంచే వారానికొకటి చొప్పున వేలానికి వెళ్లాయి. ఒకటో కార్డు పలికిన ధరను 100 అనుకుంటే రెండోది 79కి పోయింది, మూడోది 91కి. డాలర్లలో ఎందుకు చెప్పడం లేదంటే ఈ కార్డు ధర నెలనెలా కదులుతూ ఉంటుంది. ఇవాళ నేను రాసిన అంకె చూసి రేపు ఇంకెవరో తమ కార్డుకి ధర కట్టుకుంటే నష్టపోతారు. తేడా ఎంత, ఎందుకు అన్నదే ఇక్కడ విషయం.

నేను చేసే పని ఇతరుల కార్డులు కమిషన్ మీద వేలంలో అమ్మిపెట్టడం. ఈ కార్డుల యజమాని ఒక పెద్దాయన, ఎన్నో ఏళ్లుగా కార్డులు దాచుకున్నవారు. రెండో వేలం ముగిసిన మర్నాడు ఏమీ అనలేదు. మూడోది కూడా అయ్యాక ఫోన్ చేసి, “బాబూ, మూడింటి మీదా ఎనిమిదే కదా రాసుంది, మరి మధ్యదాన్ని అంత తక్కువకి ఎలా ఇచ్చేశావు?” అని అడిగారు. గొంతులో కోపం లేదు, నిజంగానే అర్థంకాక అడిగారు. “వేలం కదండీ, ఒక్కోసారి అలా అవుతుంది” అన్నాను. అది జవాబు కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ రాత్రే మూడు వేలాల బిడ్ హిస్టరీలు, ఫొటోలు, వచ్చిన మెసేజ్‌లు, ఆ మూడు వారాల్లో బయట అమ్ముడైన ఇవే కార్డుల ధరలు అన్నీ ముందేసుకుని కూర్చున్నాను.

మొదట చూడాల్సింది మార్కెట్టే పడిపోయిందా అని. పడలేదు. ఆ మూడు వారాల్లో బయటివాళ్లు అమ్మిన పీఎస్ఏ 8 జోర్డాన్‌లను తేదీలవారీగా రాసుకుంటే ధర పైకీ వెళ్లలేదు, కిందికీ రాలేదు. కాకపోతే చెల్లాచెదురుగా ఉంది. బాగా పలికినదానికీ చవగ్గా పోయినదానికీ మధ్య దూరం మా మూడింటి మధ్య దూరం కంటే ఎక్కువే. అంటే మాకు జరిగింది వింతేమీ కాదు, ఈ కార్డుకి ఇది మామూలే. మామూలైనంత మాత్రాన కారణం లేకుండా పోదు కదా.

ఎనిమిదిలో ఎంత చోటుంది

కొత్తవాళ్ల కోసం కాస్త చెబుతాను. పీఎస్ఏ 1991 నుంచి కార్డులకు గ్రేడు ఇస్తోంది, 1 నుంచి 10 దాకా. కార్డును పరీక్షించి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి, పైన గ్రేడు, సర్ట్ నంబరు ఉన్న లేబుల్ పెడతారు. ఆ పెట్టెనే అందరం స్లాబ్ అంటాం. గ్రేడు చూడగానే కార్డు సంగతంతా తెలిసిపోయిందనుకుంటాం గానీ, ఆ అంకె వెనక చాలా చోటుంది. పీఎస్ఏ 8కి ముందువైపు సెంటరింగ్ సుమారు 70/30 దాకా ఒప్పుకుంటారు. అంటే ఎడమ, కుడి బోర్డర్లు కలిపి పది పాళ్లనుకుంటే అటు ఏడు, ఇటు మూడు ఉన్నా ఎనిమిదే. అటు ఐదు, ఇటు ఐదుగా చక్కగా మధ్యలో ఉండి, రెండు మూలలు కాస్త నలిగినా ఎనిమిదే. ఒక కార్డు సెంటరింగ్ వల్ల ఎనిమిదికి దిగితే, ఇంకొకటి మూలల వల్ల, మరొకటి ప్రింటింగ్‌లో పడ్డ చుక్క వల్ల దిగుతుంది. బెకెట్ అనే ఇంకో గ్రేడింగ్ సంస్థ వాళ్లు చాలా లేబుళ్ల మీద సెంటరింగ్, కార్నర్లు, ఎడ్జ్‌లు, సర్ఫేస్ అని నాలుగు అంకెలు విడివిడిగా ఇస్తారు. పీఎస్ఏ ఒక్కటే ఇస్తుంది. ఆ మిగతా లెక్క కొనేవాళ్లే కళ్లతో వేసుకోవాలి.

ఆ కళ్లు అన్ని లోపాలనూ ఒకేలా చూడవు. ఫోన్ తెరమీద కార్డు కనబడగానే ముందు తెలిసేది బొమ్మ మధ్యలో ఉందా, పక్కకి జరిగిందా అన్నదే. మూల కొంచెం మెత్తబడిందంటే జూమ్ చేస్తే తప్ప తెలియదు. అందుకే ఒకే గ్రేడులో సెంటరింగ్ బాగున్న కార్డుకి ఎక్కువ ధర పలుకుతుందని ఈ పనిలో ఉన్న ఎవరిని అడిగినా చెబుతారు. ఈ ఫ్లీర్ కార్డుకైతే అది మరీ నిజం. ఎరుపు, తెలుపు, నీలం బోర్డర్ మధ్యలో గాల్లోకి లేచి డంక్ కొట్టబోతున్న జోర్డాన్. ఆ బోర్డర్ ఒకవైపు సన్నబడితే వెంటనే తెలిసిపోతుంది, రంగు అంచు కాస్త చిట్లినా తెల్లగా బయటపడుతుంది.

మా మూడింటినీ స్కాన్ తీసి, పెద్దవి చేసి కొలిచాను. ఒకటోది సుమారు 55/45, ఎడమ కింది మూల కొంచెం మెత్తబడింది. రెండోది దాదాపు సరిగ్గా మధ్యలో ఉంది, రెండు మూలల్లో నూగులాంటి నలుగుడు, సర్ఫేస్ శుభ్రం. మూడోది 68/32, పైగా కొద్దిగా వంకరగా కోతపడింది, నేపథ్యంలో ఒక ప్రింట్ చుక్క, మూలలు మాత్రం మూడింటిలోకీ పదును. చూడ్డానికి బాగున్న వరుస చెప్పమంటే రెండు, ఒకటి, మూడు అంటాను. వేలానికి ముందే నా నోట్సులో అలాగే రాసుకున్నాను కూడా. ధరల వరుస ఒకటి, మూడు, రెండు అయింది. అందంగా ఉన్న కార్డే అందరికంటే చవగ్గా పోయింది. ఇక కార్డు వైపు వెతికి లాభం లేదు.

ధర పెట్టింది ఎవరు

ఈబే వేలంలో గెలిచినవాడు తన గరిష్ఠ బిడ్ చెల్లించడు. రెండో స్థానంలో ఉన్నవాడి గరిష్ఠానికి ఒక మెట్టు (బిడ్ కనీసం పెరగాల్సిన మొత్తం) పైన చెల్లిస్తాడు. ఒక ఉదాహరణ అనుకుందాం. ఒకాయన 1200 డాలర్ల దాకా సిద్ధం, ఇంకొకాయన 1000, మూడో ఆయన 820. కార్డు 1025కి పోతుంది, ఎందుకంటే వెయ్యి దాటాక మెట్టు 25 డాలర్లు. అదే వేలానికి ఆ 1000 ఆయన రాలేదనుకోండి. గెలిచేది అదే మనిషి, కార్డూ అదే, ఆయన ఇవ్వగలిగిందీ ఆ 1200నే, కానీ ధర 830. ఒక్క మనిషి రాకపోతే 195 డాలర్లు పోయాయి, అదీ గెలవని మనిషి. రెండో ధరకి అమ్మే వేలాల గురించి ఆర్థికవేత్త విలియం విక్రీ 1961లోనే రాశారు. మేం మాత్రం ఇప్పటికీ ‘ఈ కార్డు ఇంత పలికింది’ అంటూ ఉంటాం, అక్కడికి అదంతా కార్డు చేసిన పనే అన్నట్టు.

అమ్మినవాడిగా నా వేలాల్లో ఎవరెవరు బిడ్ వేశారో, ఓడినవాళ్లు ఎంతదాకా వచ్చారో నాకు కనబడుతుంది. ఒకటో కార్డుకి గట్టిగా నిలబడ్డది ఇద్దరే. మూడో మనిషి 78 దగ్గర ఆగిపోయాడు. గెలిచినవారు కార్డు అందుకుని తృప్తిగా ఫీడ్‌బ్యాక్ ఇచ్చారు, ఆయన పని అయిపోయింది. రెండో స్థానంలో ఆగినాయన రెండో కార్డుకి కచ్చితంగా వస్తారని నా ధీమా. రాలేదు. తర్వాత మెసేజ్ పెట్టి అడిగితే, మధ్యలో వేరేచోట నేరుగా ఒకటి కొనేసుకున్నానని చెప్పారు. అలా రెండో వేలానికి వచ్చేసరికి పాతవాళ్లలో మిగిలింది ఆ 78 మనిషి ఒక్కడే. కొత్తగా ఒకాయన వచ్చి గెలిచారు. ధర 79. అది ఆ మంచి కార్డుని చూసి ఎవరో లెక్కగట్టిన అంకె కాదు, మొదటి వారం మూడో స్థానంలో నిలిచిన మనిషి తెచ్చిన అంకె.

ఒకేరకం వస్తువుల్ని ఒకదాని వెనక ఒకటి వేలం వేస్తే తర్వాత వచ్చేవి తక్కువకి పోవడం కార్డుల్లోనే జరిగేది కాదు. ఓర్లీ అషెన్‌ఫెల్టర్ అనే ఆర్థికవేత్త 1989లో వైన్ వేలాల గురించి ఇదే చూపించారు. ఒకే రకం వైన్, ఒకే రోజు, ఒకే గదిలో అమ్మినా తర్వాతి లాట్‌కి ధర పెరగడం కంటే తగ్గడమే ఎక్కువసార్లు జరిగింది. కారణాల మీద చాలా వాదనలున్నాయి గానీ, నేను నా కళ్లతో చూసింది ఒకటుంది. ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడ్డవాళ్లు ముందుగానే కొనుక్కుని వెళ్లిపోతారు, వెనక వచ్చే కార్డు మిగిలినవాళ్ల చేతుల్లో పడుతుంది. నాకిది తెలిసి ఉండాల్సింది. వారానికొకటి అని నేనే తొందరపడ్డాను.

ఒక గీత

నన్ను ఎక్కువగా బాధపెట్టిన భాగం ఇది. రెండో కార్డు స్లాబ్ మీద వెంట్రుకంత సన్నని గీత ఒకటి ఉంది, సరిగ్గా జోర్డాన్ మోకాలి మీదుగా ఏటవాలుగా. అది ప్లాస్టిక్ మీదిదే. చేతిలో పట్టుకుని దీపం కింద అటూ ఇటూ వంచితే గీత బొమ్మ మీదుగా జరుగుతుంది. కార్డు మీద ఉన్న గీత అయితే బొమ్మతోపాటే ఉంటుంది, జరగదు. ఈ తేడా చేత్తో పట్టుకుంటే ఒక్క క్షణంలో తెలుస్తుంది, ఫొటోలో ఎన్ని గంటలు చూసినా తెలియదు. పైగా ఆ రోజు స్కానర్ పనిచేయక ఫోన్‌తో తీశాను, పైనుంచి పడ్డ లైటు ఆ గీతను ఇంకా మెరిపించింది. నాకు అది కనబడింది కూడా. స్లాబ్ మీదదే కదా, అర్థం చేసుకుంటారులే అనుకున్నాను.

వేలం ముగియడానికి ఐదు గంటల ముందు ఒకాయన మెసేజ్ పెట్టారు, మోకాలి దగ్గర గీత కార్డుదా, కేసుదా అని. ఒక్క వాక్యం. నేను నిద్రలో ఉన్నాను. లేచి జవాబిచ్చేసరికి వేలం ముగిసింది. ఆయన బిడ్ వేయలేదు. వారం తర్వాత మూడో కార్డు వేలంలో రెండో స్థానంలో ఉన్న పేరు చూశాను. ఆయనే. 90 దాకా వచ్చారు. సెంటరింగ్ 68/32, వంకర కోత, ప్రింట్ చుక్క ఉన్న కార్డుకి 90 పెట్టిన మనిషి, అంతకంటే ఎంతో బాగున్న దానికి ఏమీ పెట్టలేదు, గీత గురించి అనుమానం తీరకపోవడం వల్ల. ఆ 90 రెండో వేలంలో పడి ఉంటే కార్డు 79కి పోయేదే కాదు, కనీసం 91కి చేరేది. పెద్దాయనకి తగ్గిన 21 పాళ్లలో 12 ఆ గీత దగ్గరే పోయాయి.

తర్వాత పనికొస్తుందని చెబుతున్నాను, స్లాబ్ మీది సన్న గీతల్ని ప్లాస్టిక్ పాలిష్, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో పది నిమిషాలు మెల్లగా రుద్దితే చాలామటుకు పోతాయి. పోకపోతే, ‘గీత కేసు మీదది, కార్డు మీద కాదు’ అని వివరణలోనే రాసి, స్లాబ్‌ని వంచి తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టాలి. అడిగేదాకా ఆగకూడదు, ఎందుకంటే అనుమానం వచ్చినవాళ్లలో ఎక్కువమంది అడగరు, పక్క లిస్టింగ్‌కి వెళ్లిపోతారు. ఈ కార్డుకి నకిలీలు విపరీతం, నకిలీ స్లాబులు కూడా ఉన్నాయి, కొనేవాళ్లకి ముందే భయం ఉంటుంది. ఆ భయానికి మనం ఇంకొంచెం జోడిస్తే బిడ్ రాదు.

మిగతా తొమ్మిది పాళ్ల సంగతి ఇంత స్పష్టంగా విడదీయలేను గానీ, ఒకటి మాత్రం కళ్లముందే ఉంది. మా రెండో కార్డు ముగిసిన పది నిమిషాలకి ఇంకొకరి పీఎస్ఏ 8 జోర్డాన్ ముగిసింది, 88కి పోయింది. ఒక్క కార్డు కొనడానికే డబ్బున్న మనిషి రెండింటినీ చూస్తూ ఉంటే, మొదటిదాంట్లో చివరిదాకా పోటీ పడడు, రెండోది ఉందిగా అని చేయి వెనక్కి తీసుకుంటాడు. ఈబేలో గడియారం ఆగదు, ఆఖరి సెకన్లలో బిడ్ వేసి ఎగరేసుకుపోవడం ఇక్కడ అలవాటే, అందుకే ఆ వెనకడుగు సరిదిద్దుకునే అవకాశం కూడా ఉండదు. గోల్డిన్, హెరిటేజ్ లాంటి వేలం సంస్థల్లో చివర్లో బిడ్ పడితే సమయం పొడిగిస్తారు కాబట్టి మనసు మార్చుకున్నవాళ్లు తిరిగి రాగలరు. మన వేలం ముగింపు సమయాన్ని పెట్టేముందు అదే కార్డు ఇంకెవరిదైనా ఆ గంటలో ముగుస్తోందా అని చూడటం రెండు నిమిషాల పని. చూడలేదు.

మూడో కార్డుకి మాత్రం అన్నీ సరిగ్గా చేశాను, అదృష్టం కాదు, రెండోది చవగ్గా పోయిందన్న టెన్షన్ వల్ల. స్లాబ్ తుడిచి స్కాన్ తీశాను. 80 అక్షరాల టైటిల్‌లో ‘అద్భుతం’ లాంటి మాటలు తీసేసి సంవత్సరం, సెట్, 57, రూకీ, గ్రేడు పెట్టాను, ఎవరూ ‘అద్భుతం’ అని వెతకరు కాబట్టి. ప్రింట్ చుక్క గురించి నేనే ముందుగా రాశాను. ముగింపు ఆదివారం సాయంత్రం, అమెరికాలో కొనేవాళ్లు ఇంట్లో ఉండే వేళ. ఇద్దరు కొత్తవాళ్లు పోటీపడ్డారు, 78 మనిషి మళ్లీ 78 దగ్గరే ఆగిపోయాడు. మూడింటిలోకీ బలహీనమైన కార్డు 91 తెచ్చింది.

అకౌంట్ పేరు ప్రభావం ఈ కేసులో లేదు, మూడూ నావే. వేరువేరు అమ్మకందారులను పోల్చేటప్పుడు మాత్రం అది చూడాలి. ఈబేలోనే పాత పోస్టుకార్డులతో చేసిన ఒక ప్రయోగం 2006లో అచ్చయింది. అవే కార్డులు పాత, పేరున్న అకౌంట్ నుంచి పెడితే కొత్త అకౌంట్ల కంటే సుమారు 8 శాతం ఎక్కువ వచ్చింది.

పెద్దాయన చూపిన అంకెలు

ఆయన బయటి ధరలు కొన్ని కాగితం మీద రాసుకుని నాకు చదివి వినిపించారు. అందులో రెండు అసలు పోల్చదగ్గవి కావు. ఒకటి వేలం సంస్థ ధర, అందులో కొన్నవారు బిడ్ మీద అదనంగా సంస్థకి కట్టే రుసుము, బయ్యర్స్ ప్రీమియం, కలిసి ఉంది. ఈ ప్రీమియం ఎంత పెద్దదో ఇదే కార్డులో చూడొచ్చు. 2021 జనవరి చివర్లో గోల్డిన్‌లో పీఎస్ఏ 10 జోర్డాన్‌లు రెండు ఒకే రాత్రి చెరో 7,38,000 డాలర్లకి పోయాయి. 20 శాతం ప్రీమియం తీసేస్తే అసలు బిడ్ 6,15,000. అసలు బిడ్‌ని, కొన్నవాడు కట్టినదాన్ని పక్కపక్కన పెడితే అక్కడే ఐదో వంతు తేడా కనబడుతుంది. ఆయన రాసుకున్న రెండోది ఈబేలో బెస్ట్ ఆఫర్ మీద, అంటే కొనేవాడు బేరమాడి చెప్పిన ధరకి, అమ్ముడైనది. అక్కడ కొట్టివేత గీతతో కనబడేది అమ్మేవాడు అడిగిన ధర, ఒప్పుకున్న ధర కాదు.

ఆ రాత్రి సంగతి ఇంకొకందుకు కూడా గుర్తుంచుకోవాలి. రెండు కార్డులు, ఒకే గ్రేడు, పైసా తేడా లేకుండా ఒకే ధర. అప్పుడు జనం అంతలా ఎగబడ్డారు, ఒకరు తప్పుకుంటే అదే ధర దగ్గర ఇంకొకరు నిలబడి ఉన్నారు. మరి ఆ జనం పలచబడ్డాక? కొన్ని నెలలు తిరగకుండానే అదే పీఎస్ఏ 10 ధర సగానికంటే కిందికి దిగింది. ఆ కార్డుల సెంటరింగ్ మారలేదు, మూలలు అరగలేదు.

ఇవన్నీ పెద్దాయనకి కూర్చోబెట్టి చెప్పాను, గీత సంగతితో సహా. రెండో కార్డు మీద నా కమిషన్ తీసుకోలేదు. ఆయన వద్దన్నారు గానీ, మెసేజ్‌కి జవాబివ్వాల్సింది నేను, ఆయన కాదు. అప్పుడు ఆయన చెప్పారు, తన దగ్గర నాలుగోది కూడా ఉందని, అదీ ఎనిమిదేనని.

ఈసారి ఆరు వారాలు ఆగమన్నాను. సెంటరింగ్ 60/40, ఒకటోదాని కంటే ఒక పిసరు తక్కువ. ఆగినన్నాళ్లూ బయటి అమ్మకాలు రాసుకుంటూనే ఉన్నాను, మార్కెట్ అక్కడక్కడే ఉంది. ఈలోగా రెండో కార్డు గెలిచినాయన నుంచి మెసేజ్ వచ్చింది. కార్డు చేతికొచ్చాక ఇంత చక్కటి సెంటరింగ్ ఉంటుందనుకోలేదని, తమ్ముడికి ఇంకొకటి కావాలని, మళ్లీ పెడితే చెప్పమని. 79 కంటే చాలా ఎక్కువకే సిద్ధపడి వచ్చానని కూడా రాశారు, మాకు ఆ రోజు ఆయన్ని అక్కడిదాకా తీసుకెళ్లే రెండో మనిషే లేకపోయాడు. వేలం తేదీ ఆయనకి చెప్పాను, గీత గురించి అడిగినాయనకీ, ఒకటో కార్డు ఓడినాయనకీ చెప్పాను. స్కాన్ తీసి, పక్కన వేరే ఎనిమిది ముగియని ఆదివారం చూసి పెట్టి, ఆ రోజంతా ఫోన్ దగ్గరే ఉన్నాను. రెండు ప్రశ్నలొచ్చాయి, రెండింటికీ నిమిషాల్లో జవాబు వెళ్లింది.

నాలుగో కార్డు 103కి పోయింది. గెలిచింది ఎప్పుడూ చూడని కొత్త పేరు. 102 దగ్గర ఆగి, ఆ ధర పలికించింది మాత్రం రెండో కార్డును 79కి కొనుక్కున్న మనిషే.